ఎడమ బుగ్గన లవంగం

మా భువనను ఏది అడిగినా ముందు "ఏమో పెద్దమ్మా" అంటుంది. ఇంకొంచెం అన్నం పెట్టనా అంటే ఏమో. వాన వచ్చేట్టుందా అంటే ఏమో. చిన్నప్పుడు ఇలా ఉండేది కాదు. కాకినాడలో మా చెల్లెలి దగ్గర ఉన్నన్నాళ్ళూ తప్పో ఒప్పో చూసుకోకుండా టకటకా మాట అనేసేది. పళ్ళ డాక్టరు చదువుకని హైదరాబాదు వచ్చి నా ఇంట్లో దిగాకే దానికి ఈ 'ఏమో' పట్టుకుంది. చదువుకుంటే తెలివి పెరుగుతుందంటారు. దీనికి అనుమానాలు పెరిగాయి.

నా సంగతి కూడా కొంచెం చెప్పాలి. నా పేరు శేషారత్నం. సినిమాలకూ సీరియళ్ళకూ డబ్బింగ్ చెబుతాను. మీరు నన్ను చూసి ఉండరు గానీ తప్పకుండా విని ఉంటారు. ఆస్పత్రి వరండాలో ఒక తల్లి డాక్టరు కోటు పట్టుకుని "నా బిడ్డకేం కాదు కదా డాక్టర్!" అని గుండెలవిసేలా ఏడుస్తుంది చూడండి, ఆ ఏడుపు చాలాసార్లు నాదే. ముప్ఫై ఏళ్ళుగా ఎంతమంది పిల్లల కోసం ఏడ్చానో లెక్కలేదు. సొంతానికి పిల్లలు లేరు, పెళ్ళి కూడా లేదు, దాని గురించి ఇప్పుడు అడక్కండి. ఫిల్మ్‌నగర్‌లో కొండ దిగువన ఏటవాలు సందులో రెండు గదుల వాటాలో ఉంటాను.

భువనకు డాక్టరు సీటు అందలేదు, పళ్ళ డాక్టరు సీటు అందింది. మా చెల్లెలు ముఖం వేలాడేసింది. నేను మాత్రం సంబరపడ్డాను. జూబ్లీహిల్స్‌లో ఎటు చూసినా పళ్ళ క్లినిక్కులే. గాజు తలుపులు, చల్లటి గది, గోడ మీద తెల్లగా నవ్వుతున్న అమ్మాయి బొమ్మ. హీరోయిన్లు అద్దాలు దించని కార్లలో వచ్చి నవ్వు సరిచేయించుకుని వెళ్తారు. మా పిల్ల కూడా అలా ఒక క్లినిక్కు పెట్టుకుని కూర్చుంటుంది, ఏ హీరోయినో నవ్వినప్పుడు 'అది మా భువన చేసిన నవ్వే' అని నలుగురికీ చెప్పుకోవచ్చు అనుకున్నాను. 

తీరా చూస్తే దాని పుస్తకాల్లో పళ్ళే లేవు. గుండె ఉంది, కిడ్నీ ఉంది, రక్తం ఉంది, పేర్లు పలకడానికి నాకే నోరు తిరగని సూక్ష్మజీవులు ఉన్నాయి. ఒకరోజు వంటింటి బల్ల మీద కాలేయం బొమ్మ పెట్టుకుని జుట్టు పీక్కుంటోంది.

"పళ్ళ డాక్టరుకి కాలేయం ఎందుకే? నోట్లోంచి కనిపిస్తుందా?" అన్నాను.

"కనిపిస్తుందిట పెద్దమ్మా. ఒంట్లో ఏది చెడినా నోరు ముందే చెప్తుందిట. చిగుళ్ళు చెప్తాయి, నాలుక చెప్తుంది."

"ఏమని చెప్తాయి?"

"అదే నాకు అర్థం కావట్లేదు. అన్ని జబ్బులకీ ఒకేలా చెప్తున్నాయి."

దాని అవస్థ చూస్తే జాలీ వేసేది, నవ్వూ వచ్చేది. ఏ వారం ఏ జబ్బు చదివితే ఆ వారం అది మా ఇంట్లో వెలిసేది. థైరాయిడ్ చదివిన రోజుల్లో అద్దం ముందు నిలబడి గుటకలు మింగేది. కుష్ఠు చదివినప్పుడు చెవి తమ్మెలు గిల్లుకుని నొప్పి తెలుస్తోందా లేదా అని చూసుకునేది. సూక్ష్మజీవుల దగ్గరికి వచ్చేసరికి పెరుగు ముట్టడం మానేసింది. మా ఇంట్లో పనిచేసే భూలక్ష్మిని కూడా వదల్లేదు. షేక్‌పేట నుంచి పొద్దున్నే నడిచొచ్చే మనిషి, పాపం వచ్చీ రాగానే ఆమె కింది రెప్ప లాగి "రక్తం తక్కువగా ఉన్నట్టుంది... లేక ఇలాగే ఉంటుందా?" అని తనలో తనే అనుకునేది.

"ఓ బిడ్డా, జర నా కన్ను ఇడ్వు. పొయ్యి మీద చారు పొంగుతున్నది" అనేది భూలక్ష్మి.

కాలేజీలో మైక్రోస్కోపు కింద గాజు పలకలు పెట్టి ఏ జబ్బో చెప్పమంటారట. "అన్నీ గులాబీ రంగు, ఊదా రంగు పెద్దమ్మా. జబ్బు ఉన్నదీ అదే, లేనిదీ అదే" అని కళ్ళనీళ్ళు పెట్టుకునేది. ఆ పరీక్ష ఒకసారి పోయింది, రెండోసారి ఎలాగో గట్టెక్కింది. గట్టెక్కినందుకు మిఠాయి తెస్తే "ఎలా పాసయ్యానో తెలియట్లేదు" అని దానికీ దిగులే. నీకు సంతోషించడం కూడా చేతకాదే అని నాలుగు చీవాట్లు పెట్టి మిఠాయి నేనే తిన్నాను.

మూడో ఏడు వచ్చాక మనుషుల నోళ్ళు చూడ్డం మొదలైంది. ఇంట్లోవాళ్ళ నోళ్ళు చూసి చెయ్యి అలవాటు చేసుకోండి అన్నారట. ఒక ఆదివారం పొద్దున బాల్కనీలో ఎండ పడేచోట కుర్చీ వేసి, చిన్న అద్దమూ టార్చీ పట్టుకుని సిద్ధమైంది. ముందు భూలక్ష్మిని కూర్చోబెట్టింది. భూలక్ష్మి పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ తంబాకు పొడితో పళ్ళు తోముతుంది. ఆ నోట్లో ఏం బయటపడుతుందోనని నేను గుండె చిక్కబట్టుకుని చూస్తున్నాను. భువన అటు తిప్పి ఇటు తిప్పి చూసి బిక్కమొహం వేసింది.

"ఏమీ లేదు. ఇన్నేళ్ళు తంబాకు వాడినా ఏమీ లేదేంటి? అయినా నువ్వు అది మానెయ్యాలి భూలక్ష్మీ."

"ఏం లేదంటివి. మల్ల ఎందుకు మానాలె?"

"లేదని కాదు. ఇప్పుడు కనిపించట్లేదు. రేపు రావచ్చు."

"గిదేంది బిడ్డా! ఉన్నదా లేదా, ఒక్క మాట చెప్పు."

భూలక్ష్మి చీర కొంగుతో మూతి తుడుచుకుని లేచిపోయింది. నేను దర్జాగా వెళ్ళి కూర్చున్నాను. నాకు ఏ పాడు అలవాటూ లేదు, పళ్ళు ఒక్కటీ కదల్లేదు, మెచ్చుకుంటుందిలే అని నోరు బారెడు తెరిచాను. నాలుక చూసింది, అంగిలి చూసింది, కుడి బుగ్గ చూసింది, ఎడమ బుగ్గ లాగి చూసింది. అక్కడ టార్చీ ఆగిపోయింది.

దూదితో తుడిచింది. మళ్ళీ తుడిచింది. "పోవట్లేదు" అని గొణుక్కుంది.

నోట్లో అద్దం ఉంది కాబట్టి "ఆఁ?" అని మాత్రమే అనగలిగాను. అద్దం తీసి, నా ముఖం వైపు చూడకుండా అడిగింది.

"పెద్దమ్మా, నీకేమైనా అలవాటు ఉందా?"

"ఉంది. కాఫీ."

"అది కాదు. పొగాకు, గుట్కా, వక్కపొడి... దవడన పెట్టుకునేవి."

నాకు ఒళ్ళు మండిపోయింది. "నీ దుంపతెగ! నన్ను పట్టుకుని గుట్కా అంటావా? కాకినాడ ఫోన్ చేసి మీ అమ్మతో చెప్పమంటావా?" అని ఇల్లెగిరిపోయేలా అరిచాను. నా గొంతు సంగతి మీకు తెలుసు కదా, పక్క వాటావాళ్ళు కిటికీ తీశారు.

భువన మాత్రం కదల్లేదు. "ఎడమ బుగ్గలోపల తెల్లగా ఉంది. తుడిస్తే పోవట్లేదు. జనం సరిగ్గా పొగాకు పెట్టుకునే చోటే ఉంది. అందుకని అడిగాను" అంది.

"తెల్లగా ఉంటే ఏంటట?"

"ఏమో. పన్ను ఒరుసుకుని కావచ్చు. ఏదైనా పడక కావచ్చు. ఇంకో జబ్బు కూడా ఉంది, అదీ ఇలాగే ఉంటుంది. ఇంకా..."

"ఇంకా?"

టార్చీ ఆర్పేసింది. నాకు అర్థమైంది. మా సినిమాల్లోనూ ఆ జబ్బు పేరు పలకరు. డాక్టరు కళ్ళద్దాలు తీసి కిటికీలోంచి బయటికి చూస్తాడు, వెనక వయొలిన్ మొదలవుతుంది, అంతే. ఇక్కడ వయొలిన్ లేదు. కింద సందులో ఎవరో బండి స్టార్ట్ కాక కిక్కు కొడుతున్నారు.

ఆ రోజు నుంచి ఈ పిల్ల నా వెంట పోలీసులా తిరగడం మొదలుపెట్టింది. పక్కన కూర్చున్నప్పుడు నోటి వాసన చూస్తోందని నాకు తెలుస్తూనే ఉంది. వక్కపొడి పొట్లం ఏమైనా దొరుకుతుందేమోనని నా హ్యాండ్‌బ్యాగు సర్దే నెపంతో వెతికింది. ఏమీ దొరకలేదు. దొరికితే కదా! అలవాటు లేదంటే నమ్మడానికి లేదు, ఉందనడానికి ఆధారం లేదు. మధ్యలో నలిగిపోయి చివరికి "నేనూ డబ్బింగ్‌కి వస్తాను పెద్దమ్మా" అంది. సరదా పడుతోంది కాబోలనుకుని జూబ్లీహిల్స్‌లో నేను ఎప్పుడూ వెళ్ళే స్టూడియోకి తీసుకెళ్ళాను.

అక్కడ గాజు అద్దానికి ఇవతల మైకు ముందు నేను ఉంటాను, అవతల సౌండ్ ఇంజనీరు రాఘవేంద్ర ఉంటాడు. అతను ఒక మీట నొక్కి మాట్లాడితే నా చెవుల్లోని హెడ్‌ఫోన్‌లో వినిపిస్తుంది. భువన అతని పక్కన కూర్చుంది. ఆ రోజు సీను కూడా ఆస్పత్రిదే. కొడుక్కి యాక్సిడెంటు, నేను తల్లిని. తెర మీద ఆవిడ పరుగెత్తుకొచ్చి డాక్టరు కాళ్ళ మీద పడుతోంది, నేను కంఠం పగిలేలా "డాక్టర్! నా బిడ్డకేం..." అని ఎత్తుకున్నాను.

"పెద్దమ్మా! నోట్లో ఏంటది?"

హెడ్‌ఫోన్‌లో చెవులు గింగురుమన్నాయి. నా పైప్రాణాలు పైనే పోయాయి. అద్దంలోంచి చూస్తే భువన ఆ మీట మీద చెయ్యేసి నిలబడి ఉంది. రాఘవేంద్ర నెత్తి పట్టుకున్నాడు.

"అమ్మా, అది ముట్టుకోకూడదమ్మా! రత్నం గారూ, టేక్ పోయిందండీ" అన్నాడు.

"ఎడమ బుగ్గన ఏదో పెట్టుకున్నావు, నేను చూశాను. అలవాటేమీ లేదన్నావు కదా!" అంటోంది ఇది.

నేను నోట్లోంచి తీసి చూపించాను. లవంగం, చిన్న కరక్కాయ ముక్క. నా దగ్గర ఒక వెండి భరిణె ఉంటుంది. నాటకాల రోజుల నుంచీ అది నా కొంగుకు అంటిపెట్టుకునే ఉంది. గొంతు గరగరలాడకుండా టేకుకు ముందు ఒక లవంగం, ఒక కరక్కాయ పలుకు బుగ్గన పెట్టుకుంటాను. ఎడమ బుగ్గనే ఎందుకంటే ఏమో, మొదటిరోజు అక్కడ పెట్టుకున్నాను, అంతే. స్టూడియోలో అందరికీ తెలుసు. కొత్తగా వచ్చిన పిల్లలు కూడా "రత్నం గారూ, ఒక లవంగం" అని చెయ్యి చాపుతారు. ఈ భువన సైతం చిన్నప్పుడు సెలవులకు వచ్చి ఆ భరిణెలోంచి లవంగాలు దొంగిలించి తిన్నదే. దీని కళ్ళెదుటే ఇన్నేళ్ళూ తీసి నోట్లో వేసుకున్నాను, ఇదీ పట్టించుకోలేదు, నేనూ చెప్పలేదు.

"ఇది అలవాటేంటే? ఇది నా పని" అన్నాను.

భువన నోరెళ్ళబెట్టి నన్ను చూసింది. రాఘవేంద్ర మెల్లిగా "మరి నాకూ రోజూ ఒకటి ఇస్తుంటారు కదండీ, నాకేమైనా అవుతుందా?" అని తన బుగ్గ తడుముకున్నాడు.

మర్నాడే నన్ను వాళ్ళ కాలేజీకి లాక్కెళ్ళింది. వాళ్ళకు పాఠం చెప్పే పద్మప్రియ మేడమ్ చూశారు. మంచి మనిషే, మాట మాత్రం గడగడా అనేస్తారు. "లవంగం నూనె ఘాటు ఊరికే ఉండదమ్మా, చర్మం మండుతుంది. ఎండిన కరక్కాయ గరుకు. ఏళ్ళ తరబడి రెండూ ఒకేచోట కూర్చుంటే ఇలా తెల్లబడవచ్చు. ఎడమ బుగ్గన అవి పెట్టుకోవడం మానేయండి. రెండు వారాలు చూద్దాం. తగ్గిందా సరే. తగ్గకపోతే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుదాం."

"ముక్కంటే?" అన్నాను.

"బుగ్గలోంచే. చిన్నదే, ఒకటో రెండో కుట్లు పడతాయి."

ఇంకేమీ వినపడలేదు నాకు. తిరిగి వచ్చేటప్పుడు ఆటో షేక్‌పేట ఫ్లైఓవర్ ఎక్కింది, గాలి ముఖాన కొడుతోంది, నాకు మాత్రం ఊపిరాడలేదు. భయం వేసింది. చచ్చేంత భయం. నా ముఖం ఎవరికీ తెలియదు. ఆస్తీ లేదు, అందమూ లేదు. నాకున్నదల్లా ఆ నోరూ, ఆ గొంతూ. అందులోంచి ముక్క తీస్తారట. ఆ ముక్కలో ఏదో ఉందంటే ఇంకా ఏమేం తీస్తారో.

"ఏమీ లేదని ఒక్కమాట చెప్పవే" అన్నాను భువనతో.

"తెలియకుండా ఎలా చెప్పను?"

"అబద్ధమైనా సరే చెప్పు. నాకు ఇవాళ నిద్ర పట్టాలి."

"చెప్పను పెద్దమ్మా. ఏమో, నాకు తెలియదు."

కోపంతో తల తిరిగిపోయింది నాకు. "ముప్ఫై ఏళ్ళుగా ప్రతి సినిమాలోనూ డాక్టర్ని అడుగుతూనే ఉన్నానే. వాడు అవునో కాదో ఏదో ఒకటి చెప్తాడు. ఏమో అన్న డాక్టరు ఒక్కడూ లేడు. నిన్ను కన్నకూతురిలా చూసుకున్నందుకు బాగానే బుద్ధి చెప్పావు" అని ఆటోవాడి ముందే వాయించేశాను. అది గుడ్ల నీళ్ళు కుక్కుకుని కూర్చుంది గానీ ఆ ఒక్కమాట అనలేదు. ఇల్లు చేరేదాకా దాని ముఖం చూడలేదు నేను.

ఆ రెండు వారాలూ రోజూ నోరు తెరిచి చూడొద్దని మేడమ్ దానికి చెప్పారట. రోజూ చూస్తే తగ్గినా తెలియదు, పెరిగినా తెలియదు, గడువు నాడే చూడు అన్నారు. అందుకని భువన చూడలేదు. చూడకపోయినా ఊరుకోలేదు. తెల్లమచ్చల గురించి ఉన్న పుస్తకాలన్నీ ముందేసుకుంది. చదివేకొద్దీ దాని ముఖం పాలిపోయింది. అన్నం కెలికి వదిలేసేది. "ఏం రాశారే అందులో?" అంటే "ఒక పుస్తకంలో ఒకటి రాశారు, ఇంకోదాంట్లో దానికి ఎదురు రాశారు" అనేది.

నాకేమో అదే సమయంలో ఒక పెద్ద సినిమా పని తగిలింది. మళ్ళీ తల్లినే, మళ్ళీ ఏడుపే. భయానికో ఏమో గొంతు ఎండిపోయి గరగరలాడుతోంది. భరిణె వైపు చెయ్యి పోయింది. ఆగాను. ఎడమ బుగ్గన వద్దన్నారు. సరే, పెట్టుకోలేదు. కుడి బుగ్గ సంగతి ఎవరూ ఏమీ అనలేదు కదా. అది ఇన్నేళ్ళూ ఖాళీగానే ఉంది పాపం. లవంగం కుడిపక్కకు వేసుకున్నాను.

భూలక్ష్మి కంట పడ్డాను. "అమ్మా, బిడ్డ వద్దన్నది గద?"

"ఎడమ పక్క వద్దంది. ఇది కుడి పక్క."

"గట్లనా. నాకెందుకో మంచిగనిపిస్తలేదమ్మా" అని తలూపుతూ వెళ్ళిపోయింది. నాకైతే తప్పు చేస్తున్నానన్న ఆలోచన రవ్వంత కూడా రాలేదు. మాట ప్రకారం నడుచుకుంటున్నాననే అనుకున్నాను.

గడువు రోజు పొద్దున భువన మళ్ళీ బాల్కనీలో కుర్చీ వేసింది. ఎడమ బుగ్గ లాగింది. టార్చీ వేసింది. దాని ముఖం విప్పారింది.

"తగ్గింది పెద్దమ్మా! చాలా తగ్గింది. వెనక అంచున కొంచెం ఉందంతే."

ఎగిరి దాన్ని కావలించుకోబోయాను. "ఆగాగు, నోరంతా చూడాలి" అంది. నాలుక చూసింది, అంగిలి చూసింది, కుడి బుగ్గ లాగింది. టార్చీ ఆగిపోయింది. అద్దం చేతిలోంచి జారి కింద పడింది. ఇది కూడా కింద చతికిలబడింది.

"ఇక్కడ కూడా వచ్చింది" అంది.

"ఎక్కడ?"

"కుడి పక్క. ముందు లేదు. నేను చూశాను, లేదు." ఇంక వరదకు కట్ట తెగినట్టు ఏడుపు. "రెండు పక్కలా వచ్చేది వేరే జబ్బు పెద్దమ్మా, అది లోపల్నుంచి వస్తుంది. మరి లోపల్నుంచి వస్తే ఎడమ పక్క ఎందుకు తగ్గింది? ఏ పుస్తకంలోనూ ఇలా లేదు. నాకు ఒక్క ముక్క అర్థం కావట్లేదు. నేను మానేస్తాను. కాకినాడ వెళ్ళిపోతాను. నీ నోట్లో ఏముందో తేల్చలేనిదాన్ని, రేపు ఊళ్ళోవాళ్ళ నోళ్ళు చూసి ఏం చెప్తాను? నా చేతిలో పడ్డవాళ్ళ గతేంటి?"

అలా నేల మీద కూర్చుని వెక్కుతోంది. చిన్నప్పుడు మోకాలు చీరుకుపోయినా ఇంత ఏడవలేదు. దాని తల నిమురుదామని వంగాను. వంగినప్పుడు నాలుకకు తగిలింది, కుడి బుగ్గన గరుగ్గా, కొంచెం మంటగా. అప్పుడు వెలిగింది నాకు.

"భువనా... కుడి పక్క లవంగం పెట్టుకుంటున్నానే."

ఏడుపు ఆగిపోయింది. "ఏంటీ?"

"ఎడమ బుగ్గన వద్దన్నారు కదాని..."

వంటింట్లోంచి భూలక్ష్మి కేక పెట్టింది. "నేను చెప్పిన అమ్మకు! ఇనలే!"

నాకు నవ్వు తన్నుకొచ్చింది. అన్నాళ్ళ భయమూ ఒక్కసారి బయటికొచ్చిందేమో, కుర్చీలో పడి పడి నవ్వాను. భువన నవ్వలేదు. లేచి నిలబడి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"నీకు బుద్ధుందా పెద్దమ్మా? మనిషివేనా నువ్వు? నేనిక్కడ నీకేమవుతుందోనని చచ్చిపోతున్నాను. నీకు నవ్వొస్తోందా?"

దాని నోట అంత గట్టి మాట ఎప్పుడూ వినలేదు. నేను నవ్వు దిగమింగి బుద్ధిగా కూర్చున్నాను. ఇంకా తిట్టబోయి సగంలో ఆగింది. గోడ వైపు చూస్తూ మెల్లిగా అంది. "ఎడమన మానేశావు, తగ్గింది. కుడిన పెట్టావు, వచ్చింది." మళ్ళీ అంది. మూడోసారి వేళ్ళతో గాల్లో అటూ ఇటూ చూపించుకుంటూ అంది. తర్వాత నా కొంగున ఉన్న భరిణె తీసుకుని తన బ్యాగులో పడేసుకుంది.

"అయితే ఇంకేం లేదన్నమాటేగా?" అన్నాను ఆశగా.

"లవంగం వల్ల వచ్చిందే ఎక్కువ. కానీ ఎడమ అంచున మిగిలిందే, అది కూడా లవంగం వల్లేనా అంటే..."

"ఏమో అంటావు."

"ఏమో పెద్దమ్మా" అంది, ముక్కు తుడుచుకుంటూ.

సంగతి విని పద్మప్రియ మేడమ్ కళ్ళజోడు తీసి మరీ నవ్వారు. "ఇంకో రెండు వారాలు. ఈసారి ఏ బుగ్గనా ఏదీ వద్దు తల్లీ. అప్పటికీ ఆ అంచు పోకపోతే ముక్క తీయాల్సిందే" అన్నారు. కాబట్టి నవ్వినంతసేపు పట్టలేదు, భయం మళ్ళీ వచ్చి కూర్చుంది. పోయినసారి కంటే ఇప్పుడు ఎక్కువ వేసింది. అంతా పోయి అంచు మాత్రం ఎందుకు మిగిలినట్టు?

లవంగం లేకుండా మైకు ముందు నిలబడటమంటే నాకు చెప్పుల్లేకుండా ఎండలో నడవడమే. వేణ్నీళ్ళు గుక్కగుక్క తాగుతూ చెప్పాను. "జలుబాండీ?" అన్నాడు రాఘవేంద్ర. 'నా బిడ్డకేం కాదు కదా' దగ్గరికి వచ్చేసరికి గొంతు పట్టేసేది. నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగిన మాట అది. ఆ మాట అనబోతే ఆటోలో భువన ముఖం గుర్తొచ్చేది, ఏమో నాకు తెలియదు అంటూ. ఇన్నేళ్ళూ ఆ డాక్టరు ఏం చెప్తాడో తెలిసే ఏడ్చాను నేను. స్క్రిప్టు చేతిలోనే ఉండేది.

మళ్ళీ గడువు వచ్చింది. ఈసారి ఇంట్లో చూడనంది భువన, నేరుగా కాలేజీకే వెళ్ళాం. బయట జనం బారులు తీరి ఉన్నారు. పద్మప్రియ మేడమ్ టార్చీ వేసి ఎడమ చూశారు, కుడి చూశారు, అంచు దగ్గర దూదితో తుడిచారు. రెప్పపాటులో అయిపోయింది.

"ఏమీ లేదమ్మా. మొత్తం పోయింది. హాయిగా వెళ్ళి రండి."

అచ్చంగా సినిమాలో డాక్టరు మాటే. ఆ మాట కోసమే కదా నెల రోజులుగా ప్రాణాలు ఉగ్గబట్టుకుని ఉన్నాను. విన్నాను గానీ లోపలికి దిగలేదు. ఆవిడకు వచ్చినవాళ్ళందరికీ చెప్పే మాటేమో ఇది, ఎలా తెలుస్తుంది నాకు? కుర్చీలోంచి లేవలేకపోయాను.

"భువనా, నువ్వు చూడు" అన్నాను.

"మేడమ్ చూశారు కదా పెద్దమ్మా."

"నువ్వు చూడవే."

మేడమ్ ఒక క్షణం నన్ను చూసి, అద్దమూ టార్చీ దాని చేతిలో పెట్టి పక్కకు జరిగారు. భువన వంగింది. తొందరపడలేదు. ఎడమ బుగ్గ, కుడి బుగ్గ, నాలుక కింద, నాలుక పక్కలు. ఎడమ అంచు దగ్గరికి వచ్చి ఆగింది. తుడిచింది, చూసింది, టార్చీ ఇంకో వైపు నుంచి వేసి మళ్ళీ చూసింది. బయట ఎవరో విసుక్కుంటున్నారు. నేను దాని కళ్ళనే చూస్తున్నాను. ముప్ఫై ఏళ్ళుగా చెప్పిన డైలాగు నా నోటికి రాలేదు. "ఏంటే?" అని మాత్రం అనగలిగాను.

భువన అద్దం తీసింది.

"ఏమీ లేదు పెద్దమ్మా."

దాని నోట 'ఏమో' వస్తుందని కాచుకుని ఉన్నాను. రాలేదు. అంతే, అంతమందిలో భోరుమన్నాను. ముక్కు కారుతూ, మాట ముద్దముద్దవుతూ, వికారంగా ఏడ్చాను. రాఘవేంద్ర వింటే ఆ టేకు ఓకే చేయడు. భువన నా భుజం పట్టుకుని "ఆరు నెలలకు మళ్ళీ చూస్తాను" అంది. చూడవే తల్లీ, ఎన్నిసార్లయినా చూడు అన్నాను.

ఇంటికి వచ్చేసరికి భూలక్ష్మి గుమ్మంలోనే నిలబడి ఉంది.

"ఏమన్నదమ్మా డాక్టరమ్మ?"

"ఏమీ లేదంది."

"గా పెద్ద మేడమేనా?"

"కాదు. మా భువన" అన్నాను.